జొన్నలో కాటుక ఒకటి కాదు, నాలుగు

జొన్న చేనిలో కంకి నల్లబడి, ముట్టుకొనిన వ్రేలికి మసి అంటినచో మన రైతులు "కాటుక తెగులు" అందురు. పేరు చక్కగా కుదిరినది. దీపపు మసి నుండి తీసిన కాటుకకును, కంకి నుండి రాలు ఈ నల్లని పొడికిని చూపునకు భేదము లేదు. కాని ఈ ఒక్క పేరు క్రింద నాలుగు వేర్వేరు తెగుళ్లు దాగి యున్నవి. వీటిని కలిగించు నాలుగు శిలీంధ్రములును ఒకే కుటుంబమునకు చెందినవి, అన్నదమ్ముల వంటివి. అయినను వాటి నడవడి ఒకటి కాదు. రెండు విత్తనము వెంట వచ్చును, ఒకటి నేలలో పొంచి యుండును, ఒకటి గాలిలో ఎగిరి వచ్చును. కనుక ఒకదానికి పనిచేసిన మందు మరియొకదానికి పనిచేయదు. ఈ భేదము తెలియక రైతు పొరబడుట ఒక ఎత్తు, సలహా చెప్పువాడు పొరబడుట ఇంకొక ఎత్తు. నేను ఒకమారు అట్లు పొరబడితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట కర్నూలు జిల్లా నల్లరేగడి నేలల నుండి ఒక రైతు నాకు ఫోను చేసి, జొన్న కంకులు నల్లబడినవని చెప్పినారు. నేను కంకిని చూడలేదు, చూపుమని అడుగనూ లేదు. కాటుక తెగులనగానే గంధకమే గదా అని, వచ్చే యేడు విత్తనమునకు గంధకము పట్టించి విత్తుమని చెప్పి ఊరకుంటిని. ఆయన చెప్పినట్లే చేసినారు. మరుసటి యేడు మరల ఫోను వచ్చినది. "మీరు చెప్పినట్లే గంధకం పట్టిస్తి సార్. మళ్లా అదే వచ్చె. మా ఊర్లో ఇంగ గంధకం పేరెత్తితే నగుతాండారు" అన్నారు. ఈసారి స్వయముగా పోయి చూచితిని. అది గంధకమునకు లొంగు కాటుక కానే కాదు. గంధకము తప్పు చేయలేదు, తప్పు నాది. కాని ఆ ఊరిలో చెడ్డపేరు గంధకమునకు వచ్చినది. నిజముగా గంధకముతో పోవు తెగులు ఉన్న పొరుగు రైతు కూడ ఆ యేడు విత్తన శుద్ధి మానివేసినాడు. అందువలననే ఈ నాలుగింటిని వేరుచేసి చూచుట పండితుల పని మాత్రమే కాదని నా అభిప్రాయము.

కళ్లములో అంటుకొను తెగులు

నాలుగింటిలో మనకు బాగుగా తెలిసినది గింజ కాటుక. పైరు ఏపుగానే పెరుగును. కంకి వచ్చువరకు ఏ లోపమును కనబడదు. కంకి గింజ పట్టు సమయమున చూచినచో గింజ ఉండవలసిన చోట బూడిద రంగు గల చిన్న తిత్తి ఉండును. ఇది కోలగా, గింజ కంటె కొంచెము పొడవుగా, 5 మొదలు 15 మిల్లీమీటర్ల వరకు ఉండును. పై పొర గట్టిది. అందుచేత ఈ తిత్తి చేనులో తొందరగా పగులదు. దూరమునుండి చూచువానికి కంకి మామూలుగానే ఉన్నట్లు తోచును. తిత్తిని గోటితో చిదిమినచో లోపల నల్లని పొడియు, నడుమ పొట్టి గట్టి పుల్లయు కనబడును. ఒక కంకిలో సాధారణముగా గింజలు చాలవరకు ఇట్లే మారిపోవును. అప్పుడప్పుడు కొంతభాగమే మారుట కూడ కలదు.

ఆ నల్లని పొడియే శిలీంధ్రపు సిద్ధబీజములు. ఒక్కొక్కటి ఎంత చిన్నదనగా, వరుసగా పేర్చినచో ఒక మిల్లీమీటరు పొడవునకు నూటయేబది పైగా పట్టును. ఒక తిత్తిలో ఇట్టివి లక్షలకొలది ఉండును. చేనులో పగులని తిత్తి కళ్లములో పగులును. నూర్చునప్పుడు తెగులు కంకులును మంచి కంకులును కలిసి నలిగి, పొడి మంచి గింజలకు అంటుకొనును. ఎడ్లతో నూర్చిన కాలములో ఒక కళ్లపు తెగులు ఆ కళ్లములోనే ఉండెడిది. నేడు ఒకే యంత్రము వరుసగా పదిమంది జొన్నలు నూర్చుచున్నది. పొడి కూడ దానితో ఊరూరు తిరుగుచున్నది.

పొడి అంటిన గింజను విత్తినప్పుడు గింజ మొలకెత్తుటయు, సిద్ధబీజము మొలకెత్తుటయు ఇంచుమించు ఒకేసారి జరుగును. మొలక నేలపైకి రాకముందే శిలీంధ్రము దానిలో ప్రవేశించును. అటుపిమ్మట పైరు పెరుగు కొనను వెంబడించుచు, ఏ గురుతును చూపక, కంకి వరకు ఎక్కి పోవును. మొక్క నేల దాటి పైకి వచ్చిన తరువాత దానికి ఈ తెగులు సోకుట దుర్లభము. ఈ ఒక్క సంగతి తెలిసినచో గంధకము ఏల పనిచేయునో ఇట్టే బోధపడును. గంధకము గింజ పైననే ఉన్న శత్రువును, అది గింజలో దూరకముందే చంపుచున్నది. పైరు మీద పొడిచల్లిన గంధకము గింజ కాటుకకు ఎందుకును పనికిరాదు. కంకులు నల్లబడిన తరువాత మందు కొట్టుటకు బయలుదేరు రైతులు నేటికిని ఉన్నారు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది.

పొడిగా నిలువచేసిన విత్తనముపై ఈ సిద్ధబీజములు పలు సంవత్సరములు చావక యుండును. పాత విత్తనమైనచో తెగులు చచ్చి యుండునని తలచుట సరికాదు.

వదులు కాటుక దీనికి మిక్కిలి దగ్గర చుట్టము. ఇందులో తిత్తి పై పొర పలుచనిది. అందుచేత కంకి బయటికి వచ్చిన కొలది రోజులకే అది చినిగి పొడి రాలిపోవును. నడుమ నున్న పుల్ల పొడవుగా, వంకరగా బయటకు పొడుచుకొని యుండును. గింజను కప్పి యుండు పొట్టు కూడ పొడవు సాగి కంకి చిందరవందరగా కనబడును. అన్నిటికంటె మంచి గురుతు పైరులోనే కలదు. తెగులు సోకిన మొక్క పొట్టిగా, కాడ సన్నముగా, పిలకలు ఎక్కువగా ఉండి, తోటి మొక్కల కంటె ముందుగా కంకి వేయును. గింజ కాటుకలో మొక్కకు ఈ మార్పు లేదు. కోసిన మోళ్ల నుండి లేచు పిలక పైరులో వదులు కాటుక హెచ్చుగా కనబడుట కలదు గనుక తెగులు ఉన్న చేనిలో పిలక పైరు ఉంచరాదు.

ఈ రెండు శిలీంధ్రములు ఎంత దగ్గరివనగా, 1932లో అమెరికాలో రోడెన్‌హైజర్ అను శాస్త్రజ్ఞుడు రెండింటిని కలిపి సంకరములను పుట్టించి చూపెను. మన గింజ కాటుకయు వదులు కాటుకయు ఒకే జాతియా, రెండు జాతులా అను సందేహమునకు ఇది చోటిచ్చినది. రైతుకు మాత్రము ఇందులో చిక్కు లేదు. రెండును విత్తనము పైననే వచ్చును, రెండును విత్తన శుద్ధికి లొంగును.

నేలలో పొంచి యుండునది

నేను పొరబడినది తల కాటుక విషయమున. దీనిని ఒకమారు చూచినవాడు మరల మరచిపోడు. ఇందులో గింజ గింజకు వేర్వేరు తిత్తులు ఉండవు. కంకి అంతయు ఒకే పెద్ద తిత్తిగా మారిపోవును. పొట్ట నుండి వచ్చునప్పుడు దానిపై తెల్లని లేక బూడిదవన్నె పొర ఉండును. ఆ పొర తొందరలోనే చినుగును. గాలి వీచినప్పుడెల్ల పొడి మేఘమువలె లేచిపోయి, చివరకు నల్లని పీచు కట్ట, అరిగిన చీపురు వంటిది, కాడ కొనన మిగులును. ఫోనులో ఆ రైతు చెప్పిన "నల్లగయినాయి" అను మాట అన్ని కాటుకలకును చెల్లును, "చీపురు మాదిరి ఉందా?" అని నేను అడిగియున్నచో అప్పుడే తేలిపోయెడిది.

గాలికి లేచిన పొడి పోయి నేలలో పడును. అక్కడ కొన్ని సంవత్సరముల వరకు బ్రతికి యుండి, అదే చేనిలో మరల జొన్న విత్తినప్పుడు మొలకలను పట్టుకొనును. విత్తనముపైన కూడ కొంత ఉండవచ్చును గాని ప్రధానమైన నిలువ నేలయే. ఎంత శుద్ధిచేసిన విత్తనమైనను, తెగులు పొడి నిండిన నేలలో విత్తినప్పుడు గింజ మీది గంధకము చుట్టునున్న మట్టిని కాపాడలేదు గదా!

కనుక ఇక్కడ పని రెండు విధములు. మొదటిది, కంకి పొర చినుగక ముందే, తెల్లవారు జామున మంచు తడి ఉండగానే, కంకి పైన గుడ్డ సంచి తొడిగి, క్రింద కోసి, చేనుకు వెలుపల తగులబెట్టుట. పొడి రాలిన తరువాత ఏరుట వలన లాభము కొద్ది. ఆ కంకులను పెంటకుప్పలో వేయుటయు, పశువుల ముందు పడవేయుటయు కూడదు. రెండవది, ఆ చేనిలో కొన్ని యేండ్లు జొన్న మానుట. పైన చెప్పిన రైతు రెండేండ్లు శనగ వేసినారు. మూడవ యేట జొన్న విత్తినప్పుడు తెగులు బొత్తిగా పోలేదు, తగ్గినది. వచ్చిన కంకులను ఆయనయు ఇంటివారును సంచులలో కోసి తెచ్చి నాకు చూపినారు. ఒకటి రెండు చేనులు మాత్రమే గల రైతునకు జొన్న మానుమని చెప్పుట సులభము కాదు; ఇంటి తిండియు, ఎడ్లకు చొప్పయు దాని మీదనే ఆధారపడి యుండును. అట్టివారికి సంచి పద్ధతియే గతి. ఇరుగుపొరుగు చేనులవారు కూడ కలిసివచ్చినచో ఫలితము మెరుగుగా ఉండును.

మొక్కజొన్నకు కూడ తల కాటుక వచ్చును. శిలీంధ్రము పేరు కూడ రెండు పైర్లకు ఒకటే. అయితే జొన్నను పట్టు రకము వేరు, మొక్కజొన్నను పట్టు రకము వేరు. సూక్ష్మదర్శినిలో చూచిన రెండింటికిని భేదము తెలియదు. పైరు మీద పరీక్షించిననే తెలియును. జొన్నను పట్టు రకము మొక్కజొన్న కంకిని కాటుకగా మార్చలేదు. 2010లో ఈ శిలీంధ్రపు మొక్కజొన్న రకము యొక్క జన్యు సంపుటిని జర్మనీ శాస్త్రజ్ఞులు పూర్తిగా చదివి ప్రకటించిరి.

ఇక పొడవు కాటుక. ఇది కంకి అంతటిని పాడుచేయదు. మంచి గింజల నడుమ అక్కడొకటి ఇక్కడొకటిగా పొడవైన తిత్తులు, కొంచెము వంగి, కొమ్ముల వలె పొడుచుకొని యుండును. ఒక్కొక్కటి 4 సెంటీమీటర్ల వరకు పెరుగును. కొన పగిలి పొడి రాలిన పిదప లోపల ఎనిమిది పది నల్లని దారములు మిగులును. గింజ కాటుకలో వలె నడుమ ఒకటే గట్టి పుల్ల ఉండదు. ఈ శిలీంధ్రము మొలకను పట్టదు. పైరు పొట్టమీద నున్నప్పుడు గాలిలో వచ్చి పై ఆకు దొన్నెలో నిలిచిన నీటిలో పడి, మొలకెత్తి, పూలలో ప్రవేశించును. ఏ పూవులో దూరినదో ఆ పూవు మాత్రమే తిత్తి యగును. విత్తన శుద్ధి దీనిని ఆపలేదని వేరే చెప్పనక్కరలేదు. మన ప్రాంతమున దీనివలన నష్టము సాధారణముగా స్వల్పము. తిత్తులు పగులక ముందే ఏరి కాల్చుట చాలును.

పేర్లు ఏల మారినవి

పాత వ్యవసాయ పుస్తకములు చదివినవారికి గింజ కాటుక శిలీంధ్రము పేరు "స్ఫాసెలోథీకా సోర్గీ" అని జ్ఞాపకముండును. నేటి పుస్తకములలో "స్పోరిసోరియం సోర్గీ" అని ఉన్నది. ఇది క్రొత్త తెగులా అని ఒక గ్రామ వ్యవసాయ సహాయకుడు నన్ను అడిగెను. తెగులు పాతదే, పేరు కూడ నిజమునకు పాతదే.

స్పోరిసోరియం సోర్గీ అను పేరు 1825లోనే ప్రచురితమైనది. తక్కిన మూడింటిని జర్మనీలో జూలియస్ క్యూన్ అను శాస్త్రజ్ఞుడు 1870 తరువాతి యేండ్లలో ఒక్కొక్కటిగా వర్ణించెను. వదులు కాటుకను 1872లోను, తల కాటుకను 1875లోను, పొడవు కాటుకను 1877లోను ఆయన వేరుచేసి చూపినాడు. 1902లో అమెరికాలో క్లింటను అను నతడు గింజ కాటుకను, తల కాటుకను స్ఫాసెలోథీకా అను ప్రజాతిలో చేర్చెను. తిత్తికి పొర ఉండుట, నడుమ పుల్ల ఉండుట చూచి ఇట్లు చేసినారు. ఆ పేరు మన దేశములో కూడ డెబ్బదియేండ్లకు పైగా నడిచినది. 1918లో పూసా నుండి వెలువడిన, బొంబాయి రాజధాని జొన్న కాటుకలను గూర్చి జి. యస్. కులకర్ణి గారు వ్రాసిన బులెటిను మొదలుకొని, 1952లో ముండ్కూరు, తిరుమలాచారి గార్లు భారతదేశపు కాటుక శిలీంధ్రములపై వెలువరించిన గ్రంథము వరకు మనవారి కృషి ఆ కాలపుదే.

చిక్కు ఎక్కడ వచ్చినదనగా, స్ఫాసెలోథీకా అను పేరు మొదట పెట్టబడినది గడ్డిజాతి మొక్క మీది కాటుకకు కాదు. 1884లో డి బారీ అను జర్మనీ శాస్త్రజ్ఞుడు నీటి అంచులలో పెరుగు ఒక వెడల్పు ఆకు మొక్క మీది కాటుకకు ఆ పేరు పెట్టినాడు. 1978లో లాంగ్డన్, ఫుల్లర్టన్ అను ఇరువురు తిత్తులు ఏవిధముగా ఏర్పడుచున్నవో మొదటినుండి పరీక్షించి, గడ్డిజాతుల మీది కాటుకలకును ఆ కాటుకకును పోలిక పైపైదే యని తేల్చి, మనవాటిని స్పోరిసోరియం అను 1825 నాటి పేరు క్రిందికి మరల్చిరి. తరువాత జన్యుపదార్థమును పోల్చి చూచినప్పుడు ఇంకను వింత బయటపడినది. డి బారీ చూచిన ఆ కాటుక, గోధుమ మీద వచ్చు కుంకుమ తెగులు శిలీంధ్రములకు దగ్గరి చుట్టమట! మసి వలె కనబడుట ఒక్కటే దానికిని మన జొన్న కాటుకకును ఉమ్మడి.

ఈ విషయము పొలములో అక్కరకు రాదనుకొనరాదు. చూపునకు ఒకటిగా ఉన్నవి చుట్టములు కానక్కరలేదు, చుట్టములైనవి ఒకే దారిని రానక్కరలేదు. సజ్జ కాటుకను చూడుడు. పచ్చగా మెరయు తిత్తి, తరువాత నల్లబడును. జొన్న గింజ కాటుక వంటిదే గదా అని విత్తనమునకు గంధకము పట్టించిన ఫలము లేదు. అది గాలిలో వచ్చి పూవులోనుండి దూరును. పుప్పొడి త్వరగా పడిన కంకులు దానినుండి తప్పించుకొనును. కొర్ర కాటుక మాత్రము విత్తనము పైన వచ్చునది, శుద్ధికి లొంగునది. గోధుమలో వదులు కాటుక గింజ లోపల, అంకురములోనే నిద్రించి యుండును. అందుకే పంజాబులో 1930 తరువాతి యేండ్లలో లూథ్రా గారు విత్తనమును ఉదయము నాలుగు గంటలసేపు నీట నానబెట్టి, మండుటెండలో ఆరబెట్టు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చిరి. పేరు వదులు కాటుకయే గాని జొన్న వదులు కాటుకకు చేయు పని దానికి చాలదు. ఇక వరిలో మానిపండు తెగులును కొందరు కాటుక తెగులనియే అందురు. అది ఈ కుటుంబమునకే చెందదు. పంట బాగుగా పండు యేడు మానిపండు కనబడునని సంతోషించిన పెద్దలను నేనును ఎరుగుదును!

చేయదగిన పని

బజారులో కొన్న సంకర విత్తనము రంగు మందు పట్టించియే వచ్చును. దానికి మరల గంధకము అక్కరలేదు. ఇంటి విత్తనము వాడువారికే ఈ పని. పచ్చ జొన్న, నాటు జొన్న విత్తనమును తరతరములుగా ఇంట దాచుకొనువారు మన జిల్లాలలో ఇంకను ఉన్నారు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిన పిదప అట్టి విత్తనము చేతులు మారుట కూడ కనబడుచున్నది. విత్తనము చేతులు మారినచో దాని మీది పొడియు చేతులు మారును.

విత్తనపు కంకులను చేను మీదనే, కాటుక లేని చోట ఏరి, వేరుగా నూర్చవలెను. మెత్తని గంధకపు పొడిని కిలో విత్తనమునకు 4 గ్రాముల చొప్పున తీసికొనవలెను. ఎకరమునకు 4 కిలోల విత్తనమనుకొన్నచో గంధకము 16 గ్రాములు మాత్రమే. పొడి మెత్తగా ఉండుట ముఖ్యము. గరుకు గంధకము గింజకు పట్టదు. ఆరిన విత్తనమును మట్టికుండలో సగము వరకు పోసి, గంధకము వేసి, మూతికి గుడ్డ కట్టి, ప్రతి గింజకు పొడి అంటువరకు, సుమారు పది నిమిషములు, దొర్లించవలెను. కుండ నిండుగా పోసినచో గింజలు కదలవు, పొడి అడుగున నిలిచిపోవును. చాలమంది చేయు పొరపాటు ఇదియే. వెనుక మైలుతుత్తపు నీటిలో విత్తనము ముంచెడివారు. అందులో మొలక చెడు భయము కలదు. పాదరసపు మందులు కూడ ఒకప్పుడు వాడిరి గాని, అవి మనుష్యులకు విషములగుటచే మానివేయబడినవి. గంధకము పట్టించిన గింజలు మిగిలినచో తిండికి వాడరాదు.

ఏ కాటుకయో తెలియనప్పుడు ఫోనులో చెప్పుటతో సరిపెట్టక, కంకిని పంపుడు. ఫోటో పంపినను మంచిదే, కాని మొక్క అంతయు కనబడునట్లు ఒకటి, కంకి దగ్గరగా ఒకటి తీయవలెను. కంకిని కాగితములో చుట్టవలెను. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరి వేరే బూజు పట్టును. చీటీ మీద విత్తనము ఎక్కడిది, శుద్ధి చేసినారా, నిరుడు ఆ చేనిలో ఏమి వేసినారు, నూరు కంకులకు ఎన్ని నల్లబడినవి అను నాలుగు సంగతులు వ్రాయవలెను. గ్రామములోని వ్యవసాయ సహాయకునికో విస్తరణాధికారికో ఇచ్చినచో, వారికి సందేహమున్న యెడల నంద్యాల, పాలెము పరిశోధనా స్థానములకు గాని, హైదరాబాదు రాజేంద్రనగరులోని చిరుధాన్యముల పరిశోధనా సంస్థకు గాని చేర్చగలరు. పొర చినుగని కంకి ఒకటి, చినిగిన కంకి ఒకటి, రెండును ఉండునట్లు చూడుడు.